లాంగోబార్డుల ఊరిలో మా అన్న

కిందటి ఏడాది నేనొక పత్రికలో ఇటలీ యాత్ర గురించి రాశాను. లాంగోబార్డులనే పాత జెర్మానిక్ జాతి నడిచిన దారిని చూసి వచ్చానని, చరిత్ర పాఠం చెప్పుకొని బతికేవాడికి అంతకన్నా భాగ్యం ఉండదని అందులో ఉంది. రాసిన ప్రతి వాక్యమూ నిజమే. అయితే రాయని సంగతి ఒకటి ఉండిపోయింది. ఆ జాతి ఇటలీలో మొట్టమొదట కాపురం పెట్టిన చివిదాలె అనే చిన్న ఊళ్ళో మా అన్న దానియేలును పూడ్చారు. నేను వెళ్ళింది ఆ సమాధి కోసం.

అన్న సరుకు ఓడలో వంటవాడు. డెబ్బై మూడులో ఓడ త్రియెస్తె రేవులో ఉండగా ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే చివిదాలెలోని ఆస్పత్రికి మార్చారు. అక్కడే పోయాడు. ఓడ కంపెనీ తరఫున మద్రాసు నుంచి ఒకాయన నంద్యాలలో నేను పనిచేసే బడికి వచ్చాడు. శవాన్ని పంపమంటే పంపుతామని, ఖర్చు తమదేనని, కొన్ని వారాలు పడుతుందని, లేదంటే అక్కడే పూడ్పిస్తామని చెప్పాడు. "ఆయన భార్యనడిగి సాయంత్రంలోగా చెప్పండి" అన్నాడు.

వదిన సుందరమ్మ ఆళ్ళగడ్డలో ఉండేది. నేను వెళ్ళలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతూ స్టాఫ్ రూములో కూచున్నాను. ఆమె ఏడుపు చూడాలంటే భయమేసింది. వారాల తర్వాత పెట్టెలో వచ్చే మనిషిని ఆమె చూడకపోవడమే మేలని నాకు నేనే చెప్పుకున్నాను. ఇక ఇంటికి మగదిక్కు నేనే కదా అనుకున్నాను. సాయంత్రం ఆయనతో "అక్కడే పెట్టేయండి" అన్నాను. మర్నాడు ఆళ్ళగడ్డకు పోయి, కబురు అందేసరికే పూడ్చేశారంట అని వదినతో చెప్పాను.

ఆ తర్వాత పన్నెండేళ్ళు నేను ఆ ఊరి గురించి చదువుతూనే ఉన్నాను. అన్న గురించి ఎవరితోనూ మాట్లాడలేక, ఆయన పడుకున్న నేల గురించి చదివాను. అట్లా దొరికారు నాకు లాంగోబార్డులు.

ఆళ్ళగడ్డ, బయలుదేరే ముందు

ఎనభై ఐదులో మా ఉపాధ్యాయ సంఘం తరఫున ఉత్తర ఇటలీలో జరిగే ఉపాధ్యాయుల సదస్సుకు నన్ను పంపారు. సదస్సు ముగిశాక వారం రోజులు నా ఇష్టం. చెప్పడానికి ఆళ్ళగడ్డ వెళ్తే, సంగతి ముందే విన్న వదిన అప్పటికే ఒక పని చేయించి పెట్టింది. ఆమె ఉండేది శిల్పుల వీధి వెనక. పొద్దున లేచింది మొదలు ఉలి చప్పుడే, అరుగు మీద రాతి పొడే. అరచెయ్యంత రాయి మీద తెలుగులో అన్న పేరు చెక్కించింది.

"ఇది మీ యన్న తలకాడ పెట్టు" అంది.

"అక్కడ తెలుగు చదివేవాళ్ళు ఎవరుంటారు వదినా?"

"ఎవురో సదవాలని గాదు. ఆయప్పకు వస్తాది గదా."

నేను రాయి చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

"ఏందీ, అట్ల సూస్తాండావ్? బరువనా? నీ పుస్తకాల కన్నా తక్కువే ఉంటాది. ఆడ మట్టి ఏ రంగుండాదో సూసి రా. నల్లరేగడా, ఎర్రదా."

వదిన ఆ మట్టి రంగు అడగడం అది మొదటిసారి కాదు. ఏటా సమాధుల పండుగకు మావాళ్ళంతా నంద్యాల శ్మశానంలో ఎవరి సమాధికి వాళ్ళు సున్నం కొట్టి పూలు పెడతారు. వదినకు కొట్టడానికి సమాధి లేదు. మా అమ్మ సమాధికే కొట్టేది. చివర కొవ్వొత్తి ఒకటి మిగిలేది. అది పట్టుకొని అటూ ఇటూ చూసి, తిరిగి సంచిలో వేసుకునేది. నేను ఏటా చూసేవాణ్ణి.

రోములో రాయి

రోము విమానాశ్రయంలో సంచి విప్పి చూసిన అధికారి రాయిని వెలుతురుకు పట్టి తిప్పాడు. తమ దేశపు పాత వస్తువేదో నేను ఎత్తుకుపోతున్నానని అనుమానం. నేను వస్తున్నవాణ్ణి, పోతున్నవాణ్ణి కాదని అర్థమయ్యేసరికి ఇంకో ఇద్దరు పోగయ్యారు. "ఎంత పాతది?" అని అడిగాడు. వేలితో అక్షరం గాడిని రుద్ది చూపించాను. తెల్లటి పొడి రాలింది. "పోయిన నెలది" అన్నాను. ముగ్గురూ నవ్వి సంచి కట్టేశారు. ఎవరి పేరని మాత్రం అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణేమో.

ఉదినె దారిలో

సదస్సు ముగిశాక రైల్లో తూర్పుకు ప్రయాణం. ఉదినె పట్నం దగ్గరపడుతుంటే చదునైన పొలాల వెనక కొండలు లేచాయి. మన నల్లమల కన్నా ఎత్తు, నెత్తిన ఇంకా మంచు.

లాంగోబార్డులు వచ్చింది ఆ కొండల సందులోంచే. తమ పుట్టుక ఎక్కడో ఉత్తర సముద్రం అవతలి చలిదేశమని వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పేరెట్లా వచ్చిందనేదానికీ ఒక కథ ఉంది. శత్రువులు ఎక్కువ, తాము తక్కువ. అందుకని ఆడవాళ్ళు జుట్టు ముందుకు దువ్వి గడ్డాల్లా కట్టుకొని మగవాళ్ళ పక్కన నిలబడ్డారట. తెల్లవారి కిటికీలోంచి చూసిన వాళ్ళ దేవుడు, ఎవరీ పొడుగు గడ్డాలవాళ్ళు అన్నాడట. ఆ పేరే నిలిచింది. తర్వాత తరాల తరబడి దక్షిణానికి జరుగుతూ నేటి హంగరీ మైదానాల దాకా వచ్చారు. ఆరో శతాబ్దంలో ఒక వసంతకాలాన అక్కడినుంచీ లేచారు. బండ్లు, పశువులు, పిల్లలు, ముసలివాళ్ళు, మొత్తం జాతి.

లేచేముందు వాళ్ళు చేసిన పని నాకు చాలా ఇష్టం. తమ పొలాలను పక్క జాతికి అప్పగిస్తూ ఒక మాట తీసుకున్నారట. ఎప్పుడైనా తిరిగివస్తే మా నేల మాకివ్వాలని. ఒక్కరూ తిరిగి రాలేదు. శ్రీశైలం నీళ్ళ కింద ఊళ్ళు పోయినప్పుడు నంద్యాల బడిలో చేరిన పిల్లలు నాకు గుర్తొచ్చారు. మీ ఊరేదని అడిగితే మునిగిపోయిన ఊరి పేరే చెప్పేవాళ్ళు.

ఓడ ఎక్కేముందు అన్న కూడా వదినతో అట్లాంటి మాటే అన్నాడు. "ఈ మంచం ఎవురికీ ఇయ్యొద్దు. నేను వస్తాండా గదా."

చివిదాలె

ఊరు చిన్నది. లోతైన లోయలో పచ్చటి ఏరు, దాని మీద రాతి వంతెన, రెండు పక్కలా ఇళ్ళు. నేను దిగింది పియెరీనా అనే ముసలమ్మ ఇంట్లో. పడుచుతనంలో ఇంగ్లండులో ఇంటిపని చేసి వచ్చినామె కాబట్టి ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేది. నా బూట్లు చూసి మొదటి మాటే "ఇవి కొండకు పనికిరావు" అంది. కొండకు పోనన్నాను. "మరెందుకొచ్చావు?" అంది. లాంగోబార్డుల కోసమన్నాను. నవ్వింది. "వాళ్ళు పోయి చాలాకాలమైందే."

మధ్యాహ్నం ఆమె పెట్టిన తిండి చూసి నేనూ నవ్వాను. రాగి గిన్నెలో చాలాసేపు కలియబెట్టి, చెక్క పలక మీద గుమ్మరించి, దారంతో కోసి వడ్డించింది. అది మొక్కజొన్న సంగటి. మేము ముద్ద చేసుకొని ఊరిబిండి పచ్చడితో తింటాం, వాళ్ళు పెనం మీద కరకరలాడించిన చీజుతో తింటారు. చేత్తో తినొచ్చా అంటే, "మా అమ్మ తినేది, తిను" అంది. వీధి చివర కాఫీ మాత్రం చుక్కంత ఇచ్చి వందల లీరాలు అడుగుతారు. ఆ అంకె వినగానే గుండె ఆగుతుంది, మన రూపాయల్లోకి మార్చుకున్నాక మళ్ళీ కొట్టుకుంటుంది.

ఆ సాయంత్రం ప్రదర్శనశాలకు పోయాను. లాంగోబార్డుల సమాధుల్లో దొరికిన వస్తువులు. ఎముక దువ్వెనలు, కత్తులు, కత్తెరలు, ఆడవాళ్ళు నూలు వడికే కదురు బిళ్ళలు. పల్చటి బంగారు రేకుతో చేసిన చిన్న చిన్న సిలువలు. వాటి అంచుల్లో సూది రంధ్రాలున్నాయి. చనిపోయినవాళ్ళ ముఖం మీద కప్పే గుడ్డకు ఈ సిలువను కుట్టేవాళ్ళట. దేశాలు దోచుకున్న జాతి అని నేను పిల్లలకు చెప్పే పాఠంలో ఆ సూది పట్టుకున్న చెయ్యి ఉండదు. ఇంట్లోవాళ్ళెవరో చనిపోయిన మనిషి పక్కన కూచొని కుట్టి ఉంటారు. మా అన్నకు గుడ్డ ఎవరు కప్పారో నాకు తెలియదు. ఆ గాజుపెట్టె ముందు నిలబడ్డప్పుడు ఆ సంగతి మొదటిసారి తట్టింది.

శ్మశానం

మర్నాడు పియెరీనాతో అసలు విషయం సగం చెప్పాను. మా అన్నను ఇక్కడే పూడ్చారని. ఆమె కుర్చీ మీద కూలబడి, "లాంగోబార్డులంటావేం మరి?" అని కోటు తొడుక్కుంది.

శ్మశానం నంద్యాల దానిలా లేదు. కంచె ముళ్ళు లేవు, మేకలు లేవు. కంకర దారులు, సన్నటి ఎత్తు చెట్లు, ప్రతి రాయి మీదా ఫోటో. కాపలాదారు అరవై దాటిన మనిషి. అన్న పేరు, ఏడు చెప్పగానే తలూపాడు. "ఓడ మనిషి. ఇండియా" అన్నాడు. పన్నెండేళ్ళలో మా ఇంటి బయట ఒక మనిషికి అన్న గుర్తున్నాడు.

కానీ అతను మమ్మల్ని సమాధుల వైపు తీసుకుపోలేదు. వెనక గోడ దగ్గర నేలలో ఉన్న ఇనుప మూత దగ్గరికి తీసుకుపోయాడు. అతను చెప్పింది పియెరీనా మెల్లగా ఇంగ్లీషులోకి మార్చింది. ఇక్కడ మామూలు సమాధి పదేళ్ళే. ఆ తర్వాత తవ్వి ఎముకలు తీస్తారు. ఇంటివాళ్ళుంటే చిన్న పెట్టెలో పెట్టించి గోడ గూట్లో ఉంచుకుంటారు. ఎవరూ రానివాళ్ళ ఎముకలు ఈ మూత కింద, అందరివీ కలిపి.

మనిషిని ఒకసారి మట్టిలో పెట్టాక కదిలించడమనేది మేమెరగం. అందుకే అడగాలని కూడా నాకు తోచలేదు. పన్నెండేళ్ళు వాళ్ళ రాజుల గురించి చదివినవాణ్ణి, వాళ్ళ శ్మశానం సంగతి ఒక్కసారి వాకబు చేయలేదు.

"నేనే తీశాను" అన్నాడు కాపలాదారు. "పళ్ళన్నీ ఉన్నాయి. అంత మంచి పళ్ళు ఈ ఊళ్ళో ఎవరికీ లేవు."

మా అన్న చెరుకు గడను పళ్ళతోనే ఒలిచి నాకిచ్చేవాడు. నేను ఆ మూత పక్కన కూచున్నాను. కాపలాదారు పియెరీనాను ఏదో అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఇక్కడ పెట్టాలా పంపాలా అని ముందు భార్యనే అడుగుతారు కదా, ఆమె ఇక్కడే అందా అని అడుగుతున్నాడు."

నేను సంచిలోంచి రాయి తీశాను. అతను అక్షరాల మీద వేలు పెట్టి చూసి, "ఇది పేరా, పువ్వులా?" అన్నాడు. పేరని చెప్పాను. తట్టలో సున్నం సిమెంటు కలుపుకొచ్చి, మూతకు ఎదురుగా గోడలో ఒక ఇటుక తీసి రాయిని కూర్చాడు. దూరంగా నిలబడి బాగుందా అన్నట్టు చూశాడు. తలకిందులుగా పెట్టాడు. మా అక్షరాలు అతనికి ఏ వైపు నుంచైనా గుండ్రాలే. తిప్పమన్నాను. తడి ఆరకముందే తిప్పి, అంచులు బొటనవేలితో సర్ది, టోపీ తీశాడు.

ఆ మధ్యాహ్నం సంగటి కలుపుతూ పియెరీనా మళ్ళీ అడిగింది. "మీ వదిన ఏమంది?"

"ఆమెనడగలేదు. నేనే చెప్పేశాను" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చింది అదే మొదలు. అదీ పరాయి భాషలో, పరాయి ఆడమనిషితో.

ఆమె గరిట ఆపలేదు. ఆపితే సంగటి ఉండ కడుతుంది. కలుపుతూనే చెప్పింది. ఆమె భర్త బెల్జియం బొగ్గు గనిలో పోయాడు. ఈ కొండల కింద బతుకు లేక మగవాళ్ళంతా అట్లా పోయినవాళ్ళే. "గనివాళ్ళు వచ్చి నన్నడిగారు. ముగ్గురు పిల్లలు, చేతిలో ఏమీ లేదు. అక్కడే ఉంచండి అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాటతో పోట్లాడుతున్నాను. పోట్లాడడానికి నాకు నా మాటైనా ఉంది. మీ వదినకు ఏముంది?"

తర్వాత గిన్నె దించి, "తిను, చల్లారుతుంది" అంది.

పవియా

చివరి రెండు రోజులు పవియాలో గడిపాను. లాంగోబార్డుల రాజధాని. రెండు వందల ఏళ్ళకు పైగా వాళ్ళు ఇక్కడినుంచి ఏలారు. తర్వాత ఫ్రాంకుల రాజు వచ్చి గెలిచాడు. ఓడినవాళ్ళు ఎక్కడికీ పోలేదు. అక్కడే కలిసిపోయారు. భాష ముందే పోయింది. ఇటలీవాళ్ళ మాటల్లో కొన్ని, ఊళ్ళ పేర్లలో కొన్ని మిగిలాయి. ఆ ప్రాంతాన్ని నేటికీ లొంబార్దీ అంటారు. గడ్డాలు మాత్రం ఎవరికీ లేవు, అందరూ నున్నగా గీసుకున్నారు.

నేను వెతికింది ఒక శ్మశానాన్ని. ఆ జాతిలోనే పుట్టిన ఒక సన్యాసి రాసిపెట్టినదాని ప్రకారం, ఊరి గోడ బయట కర్రలు నాటిన చోటు ఒకటుండేది. యుద్ధంలోనో దూరదేశంలోనో చనిపోయినవాడి కోసం ఇంటివాళ్ళు తమ సమాధుల మధ్య ఒక పొడుగాటి కర్ర పాతేవాళ్ళు. దాని కొసన చెక్క పావురం. ఆ మనిషి ఎక్కడ పడుకున్నాడో అటువైపు పావురం ముఖం తిప్పేవాళ్ళు. అక్కడొక గుడి కట్టి, దానికీ ఆ కర్రల పేరే పెట్టారు.

దారి అడిగి అడిగి చేరాను. గుడి లేదు. ఎప్పుడో కూల్చేశారు. ఒక మామూలు వీధి, సైకిళ్ళు, కిటికీల మధ్య తీగల మీద ఆరేసిన దుప్పట్లు. ఒకామె దుప్పటి సర్దుతూ ఏం కావాలని సైగ చేసింది. ఏమీ లేదని సైగ చేశాను. అక్కడ నిలబడి సూర్యుణ్ణి చూసి దిక్కులు లెక్కవేసుకున్నాను. చివిదాలె ఎటు, ఆళ్ళగడ్డ ఎటు. రెండూ తూర్పే.

లాంగోబార్డుల చట్టాలు వెలువడింది కూడా పవియా నుంచే. అందులో ఒకటి నాకు ఎప్పటినుంచో తెలుసు, పిల్లలకు చెప్పి నవ్వించిందే. స్వతంత్రురాలైన ఏ ఆడదీ తన ఇష్టం మీద తాను బతకరాదు. తండ్రి, అన్నదమ్ములు, భర్త, భర్త పోతే అతని తరఫు మగవాడు, ఎవరో ఒకరు ఆమె తరఫున నిర్ణయించాలి. ఎంత మోటు జాతి చూడండని చెప్పేవాణ్ణి. నంద్యాల స్టాఫ్ రూములో ఆ సాయంత్రం నేను అమలు చేసింది ఆ చట్టమేనని పవియా వీధిలో నిలబడ్డాక తెలిసింది.

తెలిసినా, తిరిగొచ్చాక వదినకు సగమే చెప్పాను. ఎముకలు తీశారని, రాయి గోడలో పెట్టించానని, మట్టి గోధుమరంగులో గులకరాళ్ళతో ఉందని. "కదిలించినారా" అని ఒక్కమాట అని ఊరుకుంది. నేను బడికి పోయి పత్రికకు వ్యాసం రాశాను. పావురాల గురించి, సిలువల గురించి, ఆ చట్టం గురించి కూడా రాశాను.

ఆళ్ళగడ్డ

వదిన ఐదో తరగతి దాకా చదువుకుంది. పత్రిక ఎవరిచ్చారో, వ్యాసం మొత్తం చదివింది. ఈ మధ్య ఆదివారం ఆరాధన తర్వాత పోతే, అన్నం పెట్టకుండానే ముందు పత్రిక తెచ్చి నా ముందు పెట్టింది.

"రెండు తూర్లు సదివినా. ఆ గడ్డాలోళ్ళ కత బాగుండాది. మీ యన్న యాడ?"

"అది చరిత్ర వ్యాసం వదినా."

"ఆ ఊరు పేరు కాగితం నిండా ఉండాది. ఆయప్ప పేరు ఒక తూరన్నా రాలేదే. ఏందీ, వంటోడని నామోషీనా?"

"నామోషీ కాదు."

"మరేంది?"

వీధిలో ఉలి చప్పుడు ఆగింది. ఆదివారమైనా ఎవరో పని చేస్తున్నారు, బీడీకి ఆపినట్టున్నారు. నేను చెప్పాను. మద్రాసు నుంచి వచ్చిన మనిషి, ఆయన అడిగింది, నేను చెప్పింది, మర్నాడు ఆమెతో ఆడిన అబద్ధం.

వదిన బడిలో పిల్లవాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఆ మనిషి ఎప్పుడొచ్చినాడు?"

"పొద్దున."

"సాయంత్రం దాకా ఏం జేస్తాంటివి?"

"పేపర్లు దిద్దుతాంటి."

"ఆళ్ళగడ్డకు బస్సు లేకుండెనా?"

"ఉండె."

ఆమె పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నన్నడిగింటే ఏం చెప్పేదాన్నో నాకు గూడా తెల్దు. పంపమందునో, ఆడనే పెట్టమందునో. ఇప్పుడెట్ల తెలుస్తాది?"

"వదినా, నన్ను..."

"ఈడ గాదు" అంది. "నా ఒక్కదాని చెవులో చెప్పి పోతే నీకు బరువు దిగుతాది. ఆ ఊరు గురించి కాగితంలో రాసినావు గదా. ఇది గూడా ఆడనే రాయి. ఆయప్ప పేరుతో రాయి. సదివి చెప్తా."

అందుకే ఇదంతా రాశాను. సుందరమ్మ వదినా, దానియేలు అన్నను ఎక్కడ పెట్టాలో చెప్పవలసింది నువ్వు. నిన్ను అడగకుండా నేను చెప్పాను. అడగలేదన్న సంగతి దాచి, ఇన్నేళ్ళు నీ చేతి అన్నం తిన్నాను. తప్పు నాది. నన్ను మన్నించు.